ఇంటర్‌కూలర్ కడుగు

ఆ వేళ కంచరపాలెం ఇంట్లో ఉన్నది నలుగురు. ఇంటి ముందు రేకుల షెడ్డులో కార్లు బాగుచేసే గురువులు, వంటింట్లో అతని భార్య కాంతం, నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న కాంతం తమ్ముడు సత్యం, సత్యం కూతురు అనూరాధ. అనూరాధని నాలుగో మనిషిగా లెక్కపెట్టాలంటే కాస్త వెతుక్కోవాలి. పదో తరగతి పరీక్షలు రాసి, భీమిలి అవతలి పల్లె నుంచి మేనత్త ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ పిల్ల ఏదో ఒక తలుపు చాటునే ఉంటోంది. ఆ మధ్యాహ్నం మాత్రం షెడ్డులో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

“గట్టిగా పట్టుకో అనూ. జారిందంటే మూతి సొట్టపోతాది. ఇలాటిది మళ్ళీ దొరకదు.”

“పట్టుకున్నాను మావయ్యా.”

“రెండు మూతులూ గుడ్డ పెట్టి బిగించేవా?”

“ఊఁ.”

“ఊఁ అంటే బిగించేవనా, ఇనబడిందనా?”

“బిగించేను.”

“అయితే ఊపు. సంటిపిల్లని ఊపినట్టు కాదే. కల్లుకుండ కడిగినట్టు ఊపు. లోపలున్న కిరసనాయిలు మూలమూలకీ ఎల్లాల.”

“బరువుగా ఉంది.”

“ఉండదా మరి. ఇంజన్లో ఉండవలసిన ఆయిలంతా దీన్లోనే ఉంది. మీ నాన్న పుణ్యం.”

“మావయ్యా.”

“ఏటి?”

“ఇది రేడియేటరు కాదా?”

“సూడ్డానికి అలగే ఉంటాది గానీ కాదు. రేడియేటర్లో నీళ్ళు తిరుగుతాయి, దీన్లో గాలి తిరుగుతాది. దీన్ని ఇంటర్‌కూలర్ అంటారు. టర్బో అని ఒకటుంటాది, సిన్న పంకా లాటిది. అది గాలిని ఇంజన్లోకి గెంటుతాది. అలగ గెంటితే గాలి కాగిపోతాది. కాగిన గాలి ఇంజన్‌కి సయించదు. అందుకని మజ్జిన ఇది సల్లార్చి పంపుతాది. మీ అత్త నాకు గంజి సల్లార్చి పెడతాది సూడు, అలగ.”

“ఏనాడు పెట్టేను నీకు సల్లార్చి?”

“నీకు ఇనబడిపోనాదేటి కాంతం?”

“నీ గొంతు రైలుపట్టాల అవతలికి ఇనబడతాది. ఆ గుంటని రేకు కింద కూకోబెట్టేవు, దానికి కళ్ళు తిరిగి పడిపోతే మా మరదలికి నాను జవాబు సెప్పుకోవాల.”

“మీ తమ్ముడు లేచేడేటి?”

“కళ్ళు మూసుకునున్నాడు. నిద్దరో, ఇంకేటో.”

“లేపు. బండి పాడుసేసుకున్నోడు మంచమెక్కేడు, ఆడి కూతురు కిందకూకుని కడుగుతంది. బాగానే ఉంది వరస.”

“లేచే ఉన్నాను బావా. అరవకు.”

“రా సత్తెం. రా. మంచి గుడ్డ ఉంటే పట్రా. తెల్లది కావాల.”

“తెల్లదే ఎందుకు?”

“దీన్లోంచి వచ్చీది గుడ్డమీద వంపితే తెలుస్తాది లోపలేటుందో. నల్లగుడ్డ మీద వంపితే అన్నీ నలుపే.”

“నా సొక్కా తీసుకో అయితే.”

“ఇదా? ఇది డ్రైవరు సొక్కా కదరా. ఇస్త్రీ సేసింది.”

“ఇంక దీంతో పనేటి నాకు. వేట తెరిచేక సముద్రం మీదకి ఇస్త్రీ సొక్కా ఏసుకుని ఎల్తానా? ద్వారకానగర్లో, బస్సుల కాంప్లెక్స్ కాడ, ఇదేసుకుని రోజల్లా నిలబడేవోణ్ణి. హోటలు సర్వరనుకుని నాకు టీలు సెప్పేవోరు గానీ, ఒక్కడూ కారెక్కీవోడు కాదు.”

“టీలైనా ఇవ్వవలసింది. బతుకు తెరువయ్యేది.”

“నవ్వు బావా. నవ్వు. నీకేటి.”

“అనూ, ఆ సొక్కా పళ్ళెం మీద పరిచి పట్టు. మూతి గుడ్డ తీసి మెల్లగా వంపు. మెల్లగా.”

“తారులాగ ఉంది.”

“మొదటి కడుగు అలగే ఉంటాది. మళ్ళీ పోయ్. మళ్ళీ ఊపు. సత్తెం, పోలిరాజు ఎప్పుడొస్తానన్నాడు?”

“పొద్దు వాలేక.”

“ఆడి ఫైబరు తెప్ప సూసేవా?”

“ఆ తెప్పని నాను సూడాలేటి? దానిమీద ఆడితోపాటు ఎన్నేళ్ళు వేటకెల్లేను. ఎక్కడ ముట్టుకుంటే ఏటి పలుకుతాదో నాకు తెలుసు.”

“అప్పుడు సూసింది కాదు. ఇప్పుడు సూసేవా అని అడుగుతన్నాను.”

“ఇప్పుడు ఎలగ సూస్తాను? గవర్మెంటోళ్ళు వేట మూసీసేరు కదా. ఒడ్డున అందరూ తెప్పలు ఇసకలోకి లాగీసి తాటాకు కప్పీసున్నారు. గంగమ్మ పండగ అవకుండా మా ఊళ్ళో కప్పు తియ్యరు. నీకు తెలీనిదేటి.”

“అంటే ఆడు నీ కారు సూసి తీసుకుంటాడు. నువ్వు ఆడి తెప్ప సూడకుండా తీసుకుంటావు.”

“కారుకి గంగమ్మ నేదు కదా బావా.”

“అదీ నిజమే. కారుకి ఉన్నది నానే.”

“అయినా మాటయిపోనాది. కారు ఆడికి, తెప్ప నాకు. ఒకళ్ళకొకళ్ళం పైసా ఇచ్చుకునీది నేదు. నాకు సముద్రం తెలుసు, ఆడికి పట్నం కావాల. ఇంతకన్నా బేరమేటుంటాది.”

“కారు తిరిగితే బేరమే.”

“తిరగాల. తెప్ప నేకుండా నాను ఊళ్ళోకి ఎలగెల్తాను? నాను కారు కొన్ననాడు ఊరు ఊరంతా రోడ్డుమీదకొచ్చి సూసింది. ఇప్పుడు తెప్పతో ఎల్తే, సముద్రాన్ని ఒదల్లేక వచ్చీసేడు పాపం అంటారు. ఉత్త సేతుల్తో ఎల్తే ఏటంటారో నువ్వే సెప్పు.”

“నాన్నా.”

“ఏటమ్మా?”

“తెప్ప వచ్చీస్తే మనం ఇంటికెల్లిపోతామా?”

“ఎల్లిపోవడమే. బస్సెక్కీడమే. ఏం, అత్త అన్నం పెట్టట్లేదేటి నీకు?”

“పెడతంది. అది కాదు.”

“మరేటి?”

“అమ్మ ఒక్కర్తీ ఉంది.”

“అదిగో బావా. దానికీ అర్థమయిపోనాది. నువ్వు బాగా కడుగు తల్లీ. నువ్వెంత బాగా కడిగితే మనం అంత బేగి ఎల్తాం.”

“కడుగుతన్నాను. మావయ్యా, ఇటు సూడు. ఏటో మెరుస్తంది.”

“ఏదీ?”

“సొక్కా మీద. ఇక్కడ. సేప పొలుసుల్లాగ, సన్నగా.”

“పొలుసులు కావు. టర్బో పంకా రెక్కలు అవి. విరిగి పొడుమయిపోయి దీన్లో పడ్డాయి.”

“పడితే ఏటవుతాది?”

“దీన్లోనే పడి ఆగిపోతే ఏటీ అవదు. కడిగీసి, ఎండలో ఆరబెట్టీసి, బిగించీడమే. ఎలాగా పాతసామాన్ల కొట్లోంచి టర్బో తెచ్చి ఏసేను. దీన్ని దాటి అవతలకి ఎల్లేయో, అప్పుడు సెప్పాల.”

“ఎల్లవులే బావా. అంత సన్న సందుల్లోంచి ఎలగెల్తాయి.”

“పొగ వచ్చినప్పుడే ఆపీవలసింది నువ్వు.”

“ఎక్కడాపుతాను? బండినిండా పెళ్ళివోరు. అప్పుడే ఆనందపురం దాటేం. ముహూర్తం మించిపోతాదని ఎనకనుంచి ఒకటే గోల. పెళ్ళికొడుకు మేనమావ నా భుజమ్మీద గుద్దుతన్నాడు, పద పద అని.”

“పొగ ఏ రంగు?”

“తెలుపు. కాదు, నీలం. కొంచెం నీలం.”

“దానికి ముందు ఈల ఇనబడిందా?”

“ఇనబడింది. సన్నగా, కుక్కరు లాగ.”

“తరవాత?”

“తరవాత ఆగిపోనాది. ఆగిపోతే, బాగయిపోనాది కదా అనుకున్నాను.”

“బాగయిపోనాదనుకున్నావు.”

“మరేటనుకోమంటావు?”

“ఇంట్లో మడిసి మూలుగు ఆగిపోయినా అలగే అనుకుంటావేటి?”

“ఏటండీ, ఆ మాటలేటి. శుభమా అని పని సేసుకుంటంటే.”

“నువ్వు నీ పులుసు సూసుకో కాంతం.”

“సూసుకుంటన్నాను. ఆడి మీద ఎగరకు. ఆడు అసలే అన్నం తింటం నేదు.”

“మావయ్యా, ఈసారి కొంచెమే మెరుస్తంది.”

“ఏదీ. ఆఁ. తగ్గింది.”

“తగ్గిందా బావా?”

“తగ్గింది సత్తెం. ఇంకోపాలి పోయ్ అనూ. ఈసారి సరుపు పొడుం కలిపిన నీళ్ళు పోయ్. తిరగేసి పోయ్, గాలి ఎల్లీ పక్కనుంచి వచ్చీ పక్కకి. ఎదురు తోస్తే సందుల్లో ఇరుక్కున్నవి కూడా ఊడొస్తాయి.”

“ఊఁ.”

“సూసేవా సత్తెం, మాటాడదు గానీ సెప్పింది సెప్పినట్టు సేస్తాది. నీ పోలిక కాదు.”

“వాళ్ళమ్మ పోలిక.”

“తేటగా వచ్చీసింది మావయ్యా. సూడు.”

“ఇలా పట్టు, ఎలుగులో. ఊఁ. తేటగానే ఉంది. మెరుపు నేదు.”

“అంటే అయిపోనాదా బావా? బాగయిపోనాదా?”

“ఉండరా. ఆరాల. తడిమీద బిగిస్తే ఇంజన్ నీళ్ళు తాగీస్తాది. ఎండలో పెట్టు. ఒంగోబెట్టు, నీరంతా కారిపోయీలా.”

“అబ్బ. అప్పా, ఇప్పుడు పెట్టు అన్నం. తింటాను.”

“ఇప్పుడే కదరా పొయ్యి దించేను. కడుక్కో సేతులు.”

“మావయ్యా.”

“ఏటమ్మా?”

“ఈ గొట్టం కూడా తుడిసీమంటావా?”

“ఏ గొట్టం? టర్బోలోంచి దీన్లోకి వచ్చీదా? తుడువు.”

“అది తుడిసీసేను. రెండోది. దీన్లోంచి ఇంజన్ కాసి ఎల్లీది.”

“దాన్ని ఒగ్గీ. అందులో ఏటుంటాది.”

“తుడిసేను.”

“తుడిసీసి, తుడిసీమంటావా అని అడుగుతన్నావా. మంచిదే.”

“మావయ్యా.”

“ఏటి అనూ? సెప్పు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోవు.”

“దీన్లో కూడా మెరుస్తంది.”

“నీ సేతికున్నది అంటుకునుంటాది.”

“సెయ్యి కడుక్కుని తుడిసేను. సొక్కా సేతితో, తెల్లగా ఉన్న కాడ.”

“ఏటంటంది బావా అది?”

“ఉండు.”

“బావా.”

“ఉండమన్నాను కదా. టార్చిలైటియ్యి. అది కాదు, పెద్దది.”

“కనబడిందా?”

“ఇటు రా సత్తెం. ఏలు లోపలెట్టు. ఇంకా లోపలికి. ఇంజన్ కాడికి.”

“పెట్టేను.”

“గరుగ్గా తగుల్తందా?”

“తగుల్తంది. ఇసకలాగ.”

“ఇసక కాదు.”

“అంటే ఏటి?”

“అంటే తినీసింది. ఇంటర్‌కూలర్ ఆపినంత ఆపింది, మిగతాది ఇంజన్ తినీసింది.”

“మళ్ళీ కడుగుదాం.”

“ఏటి కడుగుతావు? బయటున్నది కడగొచ్చు. మింగిందాన్ని ఎలగ కడుగుతావు. లోపల గీరుకుపోయుంటాది. ఇంజన్ ఇప్పాల, అన్నీ మార్చాల. దానికి ఈ కారు అమ్మినా సాలదు.”

“ఇప్పకపోతే?”

“ఇప్పకపోతే ఇవాళ తిరుగుతాది. రేపూ తిరుగుతాది. బరువేసుకుని ఏదో ఒక కొండరోడ్డెక్కిన రోజు పట్టీసుకుంటాది. తరవాత తాళం తిప్పితే రాయిలాగ ఉంటాది.”

“ఇవాళ తిరుగుతాదన్నావు.”

“అన్నాను.”

“స్టార్టవుతాదా?”

“సత్తెం.”

“ఒక్కటి సెప్పు బావా. స్టార్టవుతాదా, అవదా?”

“అవుతాది.”

“అయితే బిగించీ.”

“ఆడు పరాయోడు కాదురా. మీ ఊరోడు.”

“తెలుసు.”

“నీ పక్కన కూకుని వల లాగినోడు.”

“తెలుసు బావా. నాకు తెలీదని సెప్తన్నావేటి నువ్వు? నాకన్నా తెలుసేటి నీకు?”

“తెప్ప ఇచ్చీసి ఈ కారుమీద బతుకుదామని వస్తన్నాడు ఆడు.”

“నానూ అలగే వచ్చేను. నన్ను ఎవడాపేడు? ఒడ్డున ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, వద్దురా సత్తెం అన్నాడా? నాకూ అయిపోనాది బావా. నాకింక నడుం నేదు. ఈ తెప్ప కూడా పోతే నాను ఏ మొహం పెట్టుకుని...”

“ఏడవకు. ఆ పిల్ల సూస్తంది.”

“సూడనీ.”

“నా సేత్తో నాను బిగించను. నువ్వే బిగించుకో.”

“నాకు క్లాంపులు బిగించడం రాదు.”

“నేర్సుకో.”

“బావా.”

“ఛ. ఇలగియ్యి పానా. తీ సెయ్యి. అది కాదు, పెద్ద క్లాంపు ముందర. ఇంటర్‌కూలర్ ఆరిందా అనూ?”

“ఆరుతంది.”

“పట్రా.”

“మావయ్యా, సిన్నాన్న అడిగితే?”

“ఏ సిన్నాన్న?”

“పోలిరాజు సిన్నాన్న. బండి ఎలగుంది అని అడిగితే?”

“నిన్నెవడడుగుతాడమ్మా. నువ్వు మాటాడితే కదా.”

“అడిగితే నాన్నా?”

“కడిగేం అను. కడిగేం కదా. అబద్ధమేటుంది దీన్లో?”

“తమ్ముడా, ఆ గుంటని లోపలికి పంపీ. ఆడపిల్ల ముందర ఏటా మాటలు. అనూ, నువ్వు రా. కూర కలుపుదువుగానీ.”

“వస్తన్నానత్తా. సొక్కా ఏం సెయ్యను?”

“పొయ్యిలో పెట్టీ.”

“కిరసనాయిలు గుడ్డ నా పొయ్యిలో పెడితే ఇల్లు లేచిపోతాది. పెరట్లో బకెట్టులో పడీ. ఏటీ మగాళ్ళు.”

“ఏటి సత్తెమన్నా, తలుపులు బార్లా తీసున్నాయి. పెళ్ళేటి మీ ఇంట్లో?”

“పోలీ. ఆఖరి క్లాంపు ఇప్పుడే బిగించేం, పొద్దు వాలేక వస్తానన్నావు కదరా.”

“ఆగలేక బేగి బయల్దేరేను. రైలుగేటు పడ్డాది. అందరూ అక్కడే ఆగిపోయేరు, నాను కిందనుంచి దూరి వచ్చీసేను. గురువులు బావా, బాగున్నావా? కాంతమప్పా, పులుసు వాసన వీధి సివరికొస్తంది.”

“కూకో పోలిరాజూ. తిని ఎల్దువుగాని.”

“తింటానప్పా. ముందు పని. ఇది మన అనూ కాదూ? ఎంత ఎదిగిపోనాది. మాటాడదింకా?”

“మాటలొచ్చు గానీ ఖర్సు పెట్టదు.”

“అమ్మ బాగుందా సిన్నాన్నా?”

“బాగుంది తల్లీ. ఇదిగో, ఎండు కవళ్ళ సేపలు పంపింది నీకోసం. బేగి రమ్మని సెప్పమంది. నీ జడ ఏసీ గంట సేతులూరుకోడం నేదంట మా వదినకి.”

“ఊఁ.”

“ఇదేనా బండి? కడిగీసేరు, కొత్త పెళ్ళికూతుర్లాగుంది. తాళమియ్యన్నా, ఒకపాలి తిప్పుతాను.”

“ఇంద. తిప్పు.”

“అంటుకుంది. ఊఁ. ఊఁ.”

“కొంచెం తొక్కి సూడు.”

“తొక్కేను. సాలు. ఆపీసేను. గురువులు బావా, ఏటి బాగుసేసేరు దీనికి?”

“ఇంటర్‌కూలర్ అని, గాలి సల్లార్చీది ఒకటుంటాది. ఆయిలు పట్టీసింది. కడిగేం.”

“నువ్వు సెప్పు. నువ్వు పనిమంతుడివి. బండి నమ్మొచ్చా?”

“కడిగేం పోలీ. శుభ్రంగా కడిగేం.”

“నమ్మొచ్చా అని అడిగేను బావా.”

“ఇంజన్‌ని ఎవడు నమ్మమంటాడు? సముద్రాన్ని నమ్ముతావేటి నువ్వు?”

“అది నిజమే. సముద్రాన్నే నమ్మనోణ్ణి. సరే అన్నా, నాకు నచ్చింది. ఇచ్చీ.”

“తెప్ప...”

“తెప్పకేటి? నీ తెప్పే కదా అది. ఇంద, కట్టుతాడు తెచ్చేను. తాడు సేతిలో పడిందంటే తెప్ప నీదే. నాకు ఇంకో మాట నేదు.”

“ఇంత బేగా?”

“బేగి కాకపోతే ఏటి? నువ్వు ఆలోసిస్తే నానూ ఆలోసిస్తాను. ఇద్దరం ఆలోసిస్తే కారు ఇక్కడ తుప్పడతాది, తెప్ప అక్కడ ఎండుతాది. పట్టు తాడు.”

“ఆకూ వక్కా నేకుండా ఎలగరా? ఆకు మారకుండా తాడు మారదు కదా మనకి.”

“అయ్యో, ఔను. అప్పా, ఆకులున్నాయా ఇంట్లో?”

“నేవు నాయనా. కూరల బజారు కాడ కొట్లో ఉంటాయి.”

“నాను తెస్తాను. నువ్వు కూకో పోలీ. బావా, నువ్వూ వస్తావా?”

“వస్తాను. నానిక్కడ కూకోలేను.”

“ఏం, గురువులు బావకి ఒంట్లో బాగోలేదేటి?”

“ఎండ. ఎండ ఎక్కువైంది.”

“అనూ, కుళాయొచ్చీసిందంట, నాను బిందె పట్టుకుని ఎల్లొస్తాను. సిన్నాన్నకి మజ్జిగియ్యి. ఆ మూల కుండలో ఉంది.”

“ఊఁ అత్తా.”

“ఇంద సిన్నాన్నా. మజ్జిగ.”

“ఇయ్యి తల్లీ. అబ్బ. ప్రాణం లేచొచ్చింది.”

“సిన్నాన్నా.”

“ఏటి?”

“ఏటీ నేదు.”

“ఏటీ నేకపోతే గుమ్మంలో నిలబడి తలుపు గోకుతన్నావేటి? సిగ్గా?”

“కాదు.”

“మీ నాన్న తిట్టేడా?”

“నేదు. మా నాన్న మంచోడు.”

“కాదని ఎవడన్నాడు? ఒకపాలి నడిసముద్రంలో మోటారు ఆగిపోనాది మాకు. మంచినీళ్ళు అయిపోనాయి. ఆడి వంతు నాకిచ్చీసి, నాను తాగీసేనురా అని అబద్ధమాడేడు. ఒడ్డుకొచ్చేక పడిపోయేడు. మీ అమ్మ సెప్పనేదేటి నీకు?”

“నేదు.”

“సెప్పదు. మీ ఇంట్లో ఎవరూ ఏటీ సెప్పరు.”

“నాను సెప్తాను సిన్నాన్నా.”

“ఏటి సెప్తావు?”

“కారు తీసుకోకు.”

“ఏం తల్లీ?”

“పంకా ముక్కలు ఇంజన్లోకి ఎల్లిపోనాయి. నానే తుడిసేను. ఇంటర్‌కూలర్ బాగానే వచ్చీసింది గానీ, ఇంజన్ కాసి ఎల్లీ గొట్టంలో ఉన్నాయి. మావయ్య ఏలు పెట్టి సూసేడు. మా నాన్న సేత కూడా పెట్టించేడు. తినీసింది అన్నాడు. ఇవాళ తిరుగుతాది, రేపు తిరుగుతాది, తరవాత పట్టీసుకుంటాది అన్నాడు. తరవాత అది రాయిలాగుంటాదంట.”

“ఎన్ని మాటలాడేవు తల్లీ. పుట్టిన కాణ్ణుంచీ నీ నోట ఇన్ని మాటలు ఇన్నేదు నాను.”

“మా నాన్న మీద కోప్పడకు. నడుం నేదని ఏడిసేడు.”

“ఏడిసేడా?”

“ఊఁ. నీ తెప్ప నీ కాడే ఉంచుకో. ఆకులు తెచ్చేక, వద్దులే, మనసు మారిపోనాది అను. నాను సెప్పేనని సెప్పకపోయినా పరవానేదు, సెప్పినా పరవానేదు.”

“మరి మీరు ఇంటికెల్లడం?”

“ఎల్లం.”

“నీకెల్లాలని నేదా?”

“ఉంది.”

“ఉండి కూడా సెప్పేవు.”

“నువ్వు సిన్నాన్నవి కదా.”

“మీ అత్త కుళాయి ఎంత దూరం?”

“మలుపు కాడ.”

“నాతో సెప్పేవని ఇంకెవరికైనా తెలుసా?”

“ఎవరికీ తెలీదు.”

“తెలీకూడదు. అర్థమయిందా? మీ నాన్నకి అసలు తెలీకూడదు. నాకు తెలుసని ఆడికి తెలిసిందంటే ఆడు కారివ్వడు. సిగ్గుపడి సచ్చిపోతాడు గానీ ఇవ్వడు.”

“ఇవ్వకపోతే మంచిదే కదా సిన్నాన్నా?”

“నెమ్మదిగా మాటాడు.”

“తీసుకోవు కదా?”

“నానూ మోటారు తెప్ప నడిపినోణ్ణే అనూ. ఇందాక తాళం తిప్పేను కదా. ఆ గొంతు ఇనగానే తెలిసిపోనాది నాకు. అందుకే సాలని ఆపీసేను.”

“తెలిసీ నచ్చిందన్నావా?”

“జరుగమ్మా. గుమ్మంలోంచి జరుగు.”

“ఎందుకు?”

“సందు మొదట్లో మీ నాన్నోళ్ళు వచ్చీస్తన్నారు. ఆడి సేతిలో ఆకులున్నాయి. నువ్వు ఈ మొహంతో ఆడికి కనబడకూడదు. లోపలికెల్లు.”

“సిన్నాన్నా, తెలిసీ ఎందుకు తీసుకుంటన్నావు?”

“కాలు తీ, నలిగిపోతాది. బయటనుంచి గొళ్ళెం పెడతన్నాను, తాడు మారీవరకూ అరవకు. మీ కార్లో తూకానికి అమ్ముకుందుకు ఇనుమైనా ఉంది తల్లీ. నా తెప్ప రాళ్ళమీద పడి నడిమికి రెండుముక్కలైపోనాది, ఆ ఫైబరు పొయ్యిలోకి కూడా పనికిరాదు.”